కైఫీయతులు: పల్లె చెప్పుకొన్న చరిత్ర

శాసనము రాజు మాట; కావ్యము కవి మాట. పల్లె తనను గూర్చి తాను చెప్పుకొన్న మాట తెలుగునాట ఎచట నిలిచినదని అడిగినచో కైఫీయతులను చూపవలసియుండును. కైఫీయతు అనగా స్థితిగతుల వివరణము. కరణము తన యింటి దండకవిలెను, గుడి ముంగిటి రాతిశాసనమును, స్థలపురాణమును, వృద్ధుల మాటలను ఒకచోట కూర్చి వ్రాయించినదే గ్రామ కైఫీయతు.

వీనిని సేకరింపజేసినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. 1783లో భారతదేశమునకు వచ్చిన ఈ స్కాట్లండు సైనికోద్యోగి 1815లో భారత సర్వేయరు జనరలు అయ్యెను. దొర తెలుగు పండితుడు కాడు. ఆయనకు కన్నులును చెవులునై నిలిచినవారు ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు. 1796లో ఆయన కొలువున చేరిన వేంకట బొర్రయ్య చిన్న వయసుననే 1803లో మరణింపగా తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మరియొక సోదరుడైన రామస్వామి దక్షిణదేశ కవుల చరిత్రలను ఆంగ్లమున వ్రాసి 1829లో ప్రకటించెను. వీరి యాజమాన్యమున ఊరూర తిరిగిన గుమాస్తాలు కరణముల వాకిళ్ల ముందు కూర్చుండి వ్రాసికొన్న పత్రములే నేటి మన నిధి.

కృష్ణాతీరపు కైఫీయతులలో కథ తరచుగా పరీక్షిజ్జనమేజయులతో మొదలగును. పిదప ముక్కంటి మహారాజు, కాకతి గణపతిదేవుడు, రెడ్లు, గజపతులు, కృష్ణరాయలు, మల్కిభరాముడు వరుసగా వత్తురు. వేల యేండ్లు నాలుగు వాక్యములలో దాటిపోవును. కాని దేవుని మాన్యము దగ్గరకు వచ్చునప్పటికి కలము నెమ్మదించును. పొలమెంత, చెరువేది, పొలిమేర పుట్ట యెక్కడ, ఎవరి యేలుబడిలో మిరాశీ ఎవరి చేతికి మారినది అనునవి అన్నియు విడివిడిగా కనుపించును. పురాణము ఊరికి ప్రతిష్ఠ. మాన్యము ఊరికి బ్రతుకు. రెండును ఒకే కాగితముపై ఉండుటయే కైఫీయతు స్వభావము.

ఇందలి కాలగణనను నమ్మి మోసపోయినవారు గలరు. తప్పులు చూచి మొత్తమును త్రోసివేసినవారును గలరు. ఒక ఉదాహరణము చాలును. శా.శ. 1067 రక్తాక్షి సంవత్సరమున గణపతిదేవుని మంత్రి గోపరాజు రామన్న నియోగులకు గ్రామ కరణికములను పంచిపెట్టెనని పలు కైఫీయతులు చెప్పును. ఆ శకవర్షము క్రీస్తుశకము పండ్రెండవ శతాబ్ది నడుమ పడును. గణపతిదేవుడు సింహాసనమెక్కినది 1199లో. అర్ధశతాబ్దికి మించిన తేడా! చరిత్రకారుడు ఈ తేదీని అంగీకరింపడు. అయినను ఊరూర ఒకే కథ, ఒకే సంవత్సరము చెప్పుట వ్యర్థము కాదు. కరణికము తమకు రాజదత్తమైన హక్కు అని ఒక వృత్తివర్గము తరతరములుగా వల్లించిన సాక్ష్యమది. ఆ కథను వ్రాసినవాడు కరణమే యని మరువరాదు. ఎవరు చెప్పిరి, ఎవరి మేలుకై చెప్పిరి అని అడిగినప్పుడు అసత్యమైన తేదీ సయితము ఒక సత్యమును చెప్పును.

జనుల నోటి పేరుకును ఇట్టి విలువ గలదు. అమరావతిలో బౌద్ధస్తూపపు శిథిలమును జనులు దీపాలదిన్నె యనిరి. బుద్ధుని పేరు మరచిన ఊరు అది సామాన్యమైన మట్టిదిబ్బ కాదని మాత్రము మరువలేదు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయనివారి పట్టణ నిర్మాణమునకై ఆ దిబ్బను త్రవ్వుచున్న కాలముననే, పద్దెనిమిదవ శతాబ్ది చివర, మెకంజీ దానిని మొదట చూచెను. 1816లో మరల వచ్చునప్పటికి చాల శిల్పములు చెదరిపోయెను. మిగిలినవానికి ఆయన చిత్రకారులు వ్రాసిన పటములే నేడు అనేక శిల్పములకు ఏకైక సాక్ష్యము.

మెకంజీ 1821లో మరణించెను. కంపెనీవారు ఆయన సంచయమును లక్ష రూపాయలకు కొనిరి. 1828లో విల్సను ప్రకటించిన పట్టికలో 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణెములు లెక్కకు వచ్చినవి. వీనిని కూర్చిన లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగింతునని ప్రార్థింపగా కలకత్తా పండితసభవారు అందులకు తగిన విమర్శనాశక్తి ఆయనకు లేదని నిరాకరించిరి. పావు శతాబ్దికి పైగా ఆ పనిలోనే వెంట్రుకలు నెరసినవానికి దక్కిన ఫలమది! శిథిలమగుచున్న తెలుగు పత్రములకు సి.పి. బ్రౌను తరువాత కొత్త ప్రతులు వ్రాయింపకున్నచో మనకు మిగిలినది ఇంకను తక్కువయై యుండెడిది. నేడు వానిలో పెక్కు చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున గలవు. కడప మండలపు కైఫీయతులను అచటి బ్రౌను భాషా పరిశోధన కేంద్రము సంపుటములుగా అచ్చువేసినది.

రచయితలకు కైఫీయతులు మరియొక విధమున ఆప్తములు. వానిలోని వచనము వ్యాకరణమునకు జంకలేదు. ‘గనుక’ అను మాటతో వాక్యమునకు వాక్యమును ముడివేయుచు, మౌజే, మిరాశీ, ఇనాము అను కచేరీ మాటల ప్రక్కనే వాగులకును దిబ్బలకును జనులు పెట్టిన పేర్లను నిలుపుచు, రెండు వందల యేండ్లనాటి తెలుగు అందు మాటలాడుచున్నది. కవులు రాజులకు అంకితమిచ్చిన కృతులను మనము భద్రముగా చదువుకొన్నాము. పేరులేని కరణము తన ఊరికి అంకితమిచ్చిన ఈ నాలుగు పుటలను కూడ అట్లే చదువుట మన ఋణము.