ఎక్సెప్షన్ నిర్వహణ, షరతు పరీక్ష

ప్రోగ్రాములోని ఒక ఫంక్షన్ తనకు అప్పగించిన పని పూర్తిచేయలేనప్పుడు మామూలు క్రమాన్ని ఆపి, ఆ సంగతిని తనను పిలిచిన భాగానికి తెలిపే సంకేతాన్ని ఎక్సెప్షన్ అనీ, దాన్ని అందుకొని తగిన చర్య తీసుకోవడాన్ని ఎక్సెప్షన్ నిర్వహణ అనీ అంటారు. ‘ఇఫ్’ వంటి షరతు వాక్యంతో విలువను ముందే పరీక్షించడం దీనికి ప్రత్యామ్నాయం. ఈ రెండింటిలో ఏది ఎక్కడ తగునన్న చర్చ ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర పొడవునా సాగింది.

1960ల నాటి పీఎల్/వన్ భాషలో సున్నాతో భాగించడం వంటి దోషమే కాక, ఫైలు చివరికి చేరడమనే సహజ పరిణామం కూడా ‘ఆన్’ వాక్యాల ద్వారానే పట్టుబడేది. ఎక్సెప్షన్ దోషానికే పరిమితం కాదనీ, సరైన ఫలితపు విశేషాన్ని తెలపడానికీ ఉపకరిస్తుందనీ జాన్ గుడెనఫ్ 1975లో ప్రతిపాదించారు. బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన సీఎల్‌యూ భాష, ఎక్సెప్షన్ వెలువరించిన ఫంక్షన్ అక్కడితో ముగిసిపోవాలన్న నియమాన్ని పాటించగా, తరువాత సీ ప్లస్ ప్లస్, జావా కూడా ఆ మార్గమే పట్టాయి. అడా భాషలోని ఎక్సెప్షన్ నిర్వహణ సౌకర్యం ప్రమాదకరం కావచ్చని టోనీ హోర్ 1980 నాటి ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో హెచ్చరించారు.

1996 జూన్ 4న జరిగిన ఏరియాన్ 5 రాకెట్ ప్రమాదం ఈ చర్చకు గంభీరమైన ఉదాహరణ. ఏరియాన్ 4 నుంచి యథాతథంగా తీసుకున్న అడా ప్రోగ్రాములో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేటప్పుడు విలువ హద్దు మీరి ఎక్సెప్షన్ వెలువడింది. ప్రాసెసరుపై భారం తగ్గించడానికి, ఇటువంటి మార్పిడికి లోనయ్యే ఏడు విలువల్లో నాలుగింటికే రక్షణ కల్పించి మూడింటిని వదిలివేయగా, ఆ మూడింటిలో ఒకటి ఇది. అక్కడ ముందస్తు పరీక్షా లేదు, ఎక్సెప్షన్‌ను అందుకొని సరిదిద్దే భాగమూ లేదు. అందువల్ల దిశానిర్దేశక కంప్యూటర్లు ఆగిపోయి, బయలుదేరిన సుమారు 40 సెకన్లకే రాకెట్ ధ్వంసమైంది.

కొన్ని రకాల ఎక్సెప్షన్లను ఫంక్షన్ ముందుగా ప్రకటించి తీరాలని జావా నిర్బంధించగా, సీ షార్ప్ ఆ నిర్బంధాన్ని స్వీకరించలేదు. గో, రస్ట్ భాషలు ఊహించదగిన వైఫల్యాన్ని మామూలు ఫలితంగానే తిరిగి ఇచ్చి, షరతుతో పరిశీలింపజేస్తాయి. పైథాన్ సంప్రదాయం మాత్రం ముందు ప్రయత్నించి, విఫలమైతే సర్దుకోవడాన్నే మెచ్చుతుంది.

వాడుకరి టైపు చేసిన వయసు అంకెల్లో ఉందో లేదో చూడటం వంటి చోట్ల, తప్పు తరచుగా ఎదురయ్యేదీ అక్కడికక్కడే తేల్చగలిగేదీ గనుక షరతు చాలు. ఫైలు తెరవడంలో మాత్రం, ఉన్నదని పరీక్షించిన క్షణానికీ తెరిచే క్షణానికీ మధ్య మరొక ప్రోగ్రాము దాన్ని తొలగించే వీలున్నందున ముందస్తు పరీక్ష హామీ ఇవ్వలేదు. తెరవడానికి ప్రయత్నించి, వైఫల్యాన్ని అందుకోవడమే నమ్మదగిన పద్ధతి.