ఎవరూ మేయని గడ్డి

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలోని మా ఇండియానాపోలిస్ శివార్లలో చెత్తబండి రోజున ఒక వింత చూడొచ్చు. ఇళ్ళ ముందు, రోడ్డు అంచున, చెత్తడబ్బాల పక్కనే గడ్డి కోసే మిషన్లు నిలబెట్టి ఉంటాయి. వెనక నడుస్తూ తోసే రకం. చక్రాలు నాలుగూ ఉంటాయి, రంగైనా వెలిసి ఉండదు. హ్యాండిలుకి ఒక అట్టముక్క కట్టి ఉంటుంది: ఉచితం, స్టార్ట్ అవదు. మన రాయపూర్‌లో, ఫాఫాడీహ్‌లోనో గుఢియారీలోనో అలాంటి వస్తువు గుమ్మం బయట పెడితే కబాడీవాడు సందు మలుపు తిరిగేలోపు ముగ్గురు బేరానికి వస్తారు. ఇక్కడ అడిగేవాడుండడు. మధ్యాహ్నానికి బండి వచ్చి, దాన్ని కూడా చెత్తతోపాటు నలిపేసి పట్టుకుపోతుంది.

పోనీ ఆ మిషనుకి పెద్ద జబ్బేమైనా ఉందా అంటే, చాలావాటికి ఉండేది ఒకటే. నిరుడు అక్టోబరులో చివరిసారి గడ్డి కోసి, ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేసి గరాజ్‌లోకి తోసేశారు. ఇక్కడి పెట్రోలులో పదో వంతు మొక్కజొన్న నుంచి తీసిన ఇథనాల్. అది గాలిలో తేమ పీలుస్తుంది. చలికాలమంతా కదలకుండా ఉన్న పెట్రోలు జిగురుకట్టి, కార్బురేటర్‌లోని సన్నటి కన్నాన్ని మూసేస్తుంది. ఆ కన్నం తెరవడానికి అరగంట పని. మన పక్క కూడా ధాన్యం నుంచి ఇథనాల్ తీసి పెట్రోలులో కలుపుతున్నారు కాబట్టి, మూలన లూనాలు పడేసుకున్నవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అసలు ఇంత గడ్డి ఎందుకు అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ధాన్ కా కటోరా, అంటే వరి గిన్నె అని పేరున్న ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి పెరిగినవాళ్ళం. నీళ్ళు పెట్టి పెంచామంటే అది మనం తినేదన్నా అయి ఉండాలి, పశువుకి వేసేదన్నా అయి ఉండాలి. ఇక్కడ ఇంటి ముందు గడ్డి పెంచుతారు, నీళ్ళు పడతారు, ఎరువు వేస్తారు, కోస్తారు, కోసింది సంచులకెత్తి పారేస్తారు. ఆవు లేదు, గేదె లేదు. 2005లో నాసా శాస్త్రవేత్త క్రిస్టీనా మిలేసి ఉపగ్రహ చిత్రాలతో లెక్క తీస్తే, ఇళ్ళ ముందువీ గోల్ఫ్ మైదానాలవీ కలుపుకుని దేశం మొత్తం మీద ఈ గడ్డి దాదాపు 1,28,000 చదరపు కిలోమీటర్లు తేలింది. మన ఛత్తీస్‌గఢ్ విస్తీర్ణం 1,35,192. బస్తర్ అడవులు, సర్గుజా కొండలు, భిలాయి ఉక్కు కర్మాగారం అన్నీ చదును చేసి గడ్డి పరిస్తే ఎంతుంటుందో ఇంచుమించు అంత. ఈ దేశంలో నీళ్ళు పెట్టి పెంచే మొక్కజొన్న దీనిలో మూడో వంతేనట.

ఈ గడ్డిని జీవాలు మేసిన సందర్భం ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1918లో, అధ్యక్షుడు విల్సన్ వైట్‌హౌస్ ముందు గొర్రెల్ని వదిలాడు. మాలీలు యుద్ధానికి పోతే గడ్డి పని గొర్రెలు చూసుకున్నాయి. వాటి ఉన్ని వేలం వేస్తే రెడ్‌క్రాస్‌కి యాభై వేల డాలర్ల పైన వచ్చింది. అధ్యక్షుడి గొర్రెల ఉన్ని కదా మరి!

ఇంకో తమాషా. దక్షిణ రాష్ట్రాల దుకాణాల్లో ‘బెర్ముడా గ్రాస్’ అని విత్తనాల సంచులు అమ్ముతారు. అది మన గరికే. మా వైపు చలికి ఎండి గోధుమరంగుకి తిరుగుతుందని దాన్ని కలుపు కింద జమకట్టి చంపే మందు అమ్ముతారు. వినాయక చవితికి ఇక్కడి మనవాళ్ళు గరిక కోసం బయల్దేరితే, ముందు ఏ పెరట్లో మందు కొట్టలేదో వాకబు చేసుకోవాలి. ఇక ఇక్కడివాళ్ళు తమదని మురిసిపోయే కెంటకీ బ్లూగ్రాస్ యూరప్ నుంచి వచ్చింది. గడ్డీ వలస వచ్చిందే, మనమూ వలస వచ్చినవాళ్ళమే. కాగితాలు అడిగేది మాత్రం మనల్నే.

గడ్డి మిషను పుట్టిల్లు ఇంగ్లండు. స్ట్రౌడ్ అనే ఊరి చుట్టుపక్కల సైనికుల ఎర్రకోట్లకి ఉన్నిబట్ట నేసే మిల్లులుండేవి. నేసిన బట్టమీద లేచే నూగును కత్తుల సిలిండరుతో గొరిగేవారు. ఆ సిలిండరుని నేలమీద దొర్లిస్తే ఏమవుతుందా అని ఎడ్విన్ బడ్డింగ్ అనే మిస్త్రీకి తోచింది. 1830లో పేటెంటు తీసుకున్నాడు. పొరుగువాళ్ళు పిచ్చివాడనుకుంటారని రాత్రిపూట పరీక్షలు చేసేవాడని చెప్పుకుంటారు. అంతకుముందు నున్నటి పచ్చిక కావాలంటే కొడవళ్ళు పట్టే కూలీలైనా ఉండాలి, గొర్రెల మందైనా ఉండాలి. అంటే జమీందారై ఉండాలి. ఆ జమీందారీ సోకుని గుమాస్తా గుమ్మం ముందుకి తెచ్చింది ఈ మిషను.

కాకపోతే బడ్డింగ్ మిషను మహా బరువు. దాన్ని తేలిక చేసినవాళ్ళలో పేరున్నవాడు మా పక్కూరివాడే. ఇక్కడినుంచి తూర్పుగా, ఒహాయో సరిహద్దు దగ్గర రిచ్‌మండ్ అనే ఊరుంది. అక్కడ ఎల్‌వుడ్ మెగ్వైర్ అనే మెషినిస్టు 1870లో ఒక మనిషి సునాయాసంగా తోసుకుపోయే మిషను చేశాడు. 1885 నాటికి ఈ దేశంలో ఏడాదికి యాభై వేల మిషన్లు తయారయ్యేవి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి రికార్డులు, 1923లో, ఇచ్చింది కూడా ఆ ఊళ్ళోనే. సంగీతం మీద మనసున్నవాళ్ళు దానికోసమే వెళ్తారు. గడ్డి మిషను కోసం వెళ్ళేది నాలాంటి, రాయపూర్ రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు పనివాళ్ళ పిల్లలే.

అదే కాలంలో షికాగో పక్కన రివర్‌సైడ్ అనే కాలనీకి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ నక్షా గీశాడు. ప్రతి ఇల్లూ రోడ్డుకి ముప్పై అడుగులు వెనక్కి ఉండాలి, ముందు జాగా అంతా పచ్చగా కలిసిపోవాలి. 1870లో ఫ్రాంక్ స్కాట్ అనే ఆయన తోటల మీద పుస్తకం రాస్తూ, మన పచ్చదనం పొరుగువాడికి కనపడకుండా కంచె వేయడం క్రైస్తవ లక్షణం కాదని తేల్చాడు. ప్రహరీ లేనిదే మనకి ఇల్లు ఇల్లులా ఉండదు. గేటుకి గొళ్ళెం, గోడ మీద గాజుపెంకులు, అవతల తులసికోట. ఇక్కడికొచ్చిన మొదట్లో ఏ ఇంటికీ గోడ లేకపోవడం చూసి ఈ మనుషులు ఎంత నమ్మకస్తులో అని ముచ్చటపడ్డాను. తర్వాత చదివిన సంగతులు ఆ ముచ్చటకి కొంచెం అడ్డం వచ్చాయి.

రెండో యుద్ధం అయ్యాక, 1947లో, న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్ బంగాళాదుంప చేలల్లో లెవిట్ కంపెనీ వేల ఇళ్ళు వరసగా కట్టింది. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి చవకగా ఇచ్చింది. కంచెలు వేయకూడదు, వేసవిలో వారానికొకసారి గడ్డి కొయ్యాలి అని షరతులు. అదే కాగితాల్లో ఇంకో షరతు కూడా ఉండేది: తెల్లవాళ్ళు తప్ప ఇంకెవరూ కాపురం ఉండకూడదు. 1957లో అదే కంపెనీ పెన్సిల్వేనియాలో కట్టిన లెవిట్‌టౌన్‌లోకి మైయర్స్ అనే నల్లజాతి కుటుంబం దిగితే, ఆ పచ్చికల మీద గుంపులు కూడి కిటికీలకి రాళ్ళు వేశాయి. గోడలు లేని చోట గోడ కాగితం మీద ఉందన్నమాట. ఇళ్ళ అమ్మకాల్లో జాతివివక్ష కూడదని చట్టం వచ్చింది 1968లో. మనవాళ్ళు పెద్దఎత్తున రాగలిగింది 1965 వలస చట్టం తర్వాత. అందుకే వీధి పొడవునా కలిసిపోయిన ఆ పచ్చదనంలో నా ముక్క కోస్తున్నప్పుడు సంతోషమూ ఉంటుంది, ఎక్కడో చిన్న ముల్లూ ఉంటుంది.

వారం వారం కోత ఇప్పటికీ తప్పదు. ఊరిని బట్టి ఎనిమిది, పది, పన్నెండు అంగుళాలు దాటితే మునిసిపాలిటీ నోటీసు. కాలనీ సంఘం ఉంటే అంతకంటే ముందే ఉత్తరం. అందుకని గడ్డి మిషను ఇక్కడ సోకు వస్తువు కాదు, బియ్యం డబ్బా లాగా ఇంటికొకటి ఉండి తీరాలి. కొత్తది కొనాలంటే మూడు నాలుగు వందల డాలర్లు. పాతది ఎంచుకోవడం వచ్చినవాడికి అందులో పదో వంతు కూడా అవదు.

ఎంచుకునే పద్ధతి చెప్తాను. ముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. తాడు మెల్లగా లాగండి. చేతికి ఎదురు తిరిగితే సిలిండరులో కంప్రెషన్ ఉన్నట్టు. నూనె పుల్ల తీసి చూడండి, అసలు నూనె లేకపోతే వదిలేయండి. మిషనుని పక్కకి వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండాలి. లేదంటే నూనె వెళ్ళి ఫిల్టరులో చేరుతుంది. కింద రేకుకి తుప్పు కన్నాలున్నాయా, బ్లేడు చేత్తో తిప్పితే దాని మధ్య బోల్టు వంకరగా ఊగుతోందా చూడండి. ఊగితే క్రాంకు ఒంగిపోయింది, ఉచితంగా ఇచ్చినా వద్దు. తిన్నగా తిరుగుతుంటే వైరు తగిలించి స్టార్ట్ చెయ్యండి. స్టార్టయి, నీలం పొగ ఆగకుండా వస్తుంటే రింగులు అయిపోయినట్టు. వాల్చి నిలబెట్టాక కాసేపు తెల్లపొగ వస్తే మాత్రం కంగారు పడకండి, సైలెన్సరులోకి జారిన నూనె కాలుతోంది.

హ్యాండిలు పక్కన ఇంకో ఊచ ఉంటుంది, రెండూ కలిపి పట్టుకుంటేనే ఇంజను నడుస్తుంది. దానికి వైరో ప్లాస్టిక్ పట్టీయో బిగించి కట్టేసి ఉంటే ఆ మిషను జోలికి పోవద్దు. నేలకి సమాంతరంగా తిరిగే బ్లేడు వచ్చాక ఇక్కడ ఎంతోమంది వేళ్ళు పోగొట్టుకున్నారు. దాంతో 1982 జూన్ తర్వాత తయారైన ప్రతి మిషనులోనూ చెయ్యి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. జుగాడ్ మన రక్తంలో ఉంది, ఒప్పుకుంటాను. ఆ ఊచ దగ్గర మాత్రం దాన్ని చూపించొద్దు.

మరమ్మత్తుకి వస్తే, స్టార్ట్ కాని మిషనులో పాత పెట్రోలు మొత్తం తీసేయాలి. కార్బురేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది, ఒక్క బోల్టు విప్పితే ఊడొస్తుంది. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టే జెట్టు, దాని పక్క కన్నంలోనే జిగురంతా. సన్నటి రాగి తీగ దూర్చి, క్లీనర్ కొట్టి, వెలుతురుకి పెట్టి చూస్తే అవతల వెలుగు కనపడాలి. అయినా మొరాయిస్తే ఫ్లైవీల్ విప్పండి. అందులో మెత్తటి లోహపు కీ ఒకటుంటుంది. బ్లేడు రాయికో మొద్దుకో కొట్టుకుంటే అది తెగుతుంది, ఇంజను టైమింగ్ తప్పుతుంది. క్రాంకు విరగకుండా తాను బలి కావడానికే దాన్ని మెత్తగా చేశారు. నాకు ఈ దేశపు బుర్ర మీద గౌరవం పుట్టించిన వాటిలో ఆ కీ ఒకటి. మిల్వాకీలో 1908లో మొదలైన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాళ్ళు 1953లో అల్యూమినియం ఇంజను తెచ్చి ఈ మిషన్లని ఆడవాళ్ళు, పిల్లలు కూడా తోయగలిగేలా చేశారు. విడిభాగం అడిగితే ఇరవై ఏళ్ళ ఇంజనుకి కూడా దొరుకుతుంది. దొరికేది కొని బిగించుకునేవాళ్ళే తగ్గిపోయారు.

బాగయ్యే మిషనుని పారేయడం మాత్రం నాకు ఎంతకీ కొరుకుడు పడదు. మన రాయపూర్ తెలుగువాళ్ళ సంగతి చూడండి. అక్కడి లెక్కలో సావన్ అమావాస్యకి ఊరంతా హరేలీ పండగ, నాగళ్ళు పారలు కడిగి చీలా అట్ల నైవేద్యం. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ, మా నాన్న పనిచేసిన వ్యాగన్ రిపేర్ షాపులో లేతు మిషన్లకి బొట్లు, దండలు. ఆ తర్వాత దసరాకి ఇంట్లో మన ఆయుధపూజ, స్కూటరుకి నిమ్మకాయ. ఏడాదికి మూడుసార్లు పనిముట్టుకి దండం పెట్టే జనం మనం. ఆ లెక్కన ఇక్కడ ఏప్రిల్లో మొదటిసారి తాడు లాగే శనివారాన్ని గడ్డి పండగ అనాలి: వీధంతా ఒకేసారి ఇంజన్ల మోత, పచ్చి గడ్డి వాసన, మగవాళ్ళందరూ గరాజుల ముందు. హరేలీకి లాగా గెడీలు, అంటే కర్రకాళ్ళు, ఎక్కి నడిచే పిల్లలొక్కరే తక్కువ. పూజ కూడా లేదనుకోండి, స్టార్ట్ కానిదాన్ని చెత్తకి సాగనంపడమే. షాపులో విశ్వకర్మ రోజున పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు. విప్పేసిన వ్యాగన్ చక్రాల పక్కన నిలబడి బూందీ పొట్లం తిన్నాను. గ్రీజు వాసన తగిలితే ఇప్పటికీ నోట్లో ఆ తీపి వస్తుంది.

పెట్రోలు మిషన్లకి ఇక ఎక్కువ కాలం లేదు. 2020లో బ్రిగ్స్ దివాలా తీసి చేతులు మారింది. హోండా 2023లో ఇక్కడ గడ్డి మిషన్ల తయారీ ఆపేసింది. 2024 నుంచి కాలిఫోర్నియాలో కొత్త పెట్రోలు గడ్డి మిషన్లకి తలుపులు మూసేశారు. చాలామంది బ్యాటరీ మిషన్లు కొంటున్నారు. చప్పుడు లేదు, పొగ లేదు, నిజంగా మంచివే. బ్యాటరీ చచ్చిపోతే ఏ రాగి తీగా దాన్ని బతికించదు, అంతే.

నవా రాయపూర్ విల్లాల బ్రోచర్లలో ఇప్పుడు ఇలాంటి పచ్చికలే వేస్తున్నారని విన్నాను. వేసుకోండి, కోసింది మాత్రం ఆవుకి వేయండి. ఇక వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళకి ఒక మనవి. ఊరికే కూర్చోలేక గడ్డి మిషను ముట్టుకుంటారని నాకు తెలుసు. అడ్డుపడిన తడిగడ్డి తీయడానికి కింద చెయ్యి పెట్టేముందు ప్లగ్ వైరు లాగేయండి. ఆగిన ఇంజనైనా సరే, చేత్తో బ్లేడు తిప్పితే ఒక్కోసారి అందుకుంటుంది.