వర్తకుడైన గృహస్థు: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు



మా తాతగారి భోషాణములో రెండు వస్తువు లెల్లప్పుడు నుండెడివి. ఒకటి భారతి మాసపత్రిక సంచికల కట్ట. రెండవది పసుపుపచ్చని లేపనముగల చిన్న గాజు సీసా. కట్టను తాతగారు తప్ప నన్యులు ముట్టరాదు. సీసా మా నాయనమ్మది. తలనొప్పి వచ్చినపు డామె మూత తీయగనే కర్పూరపు ఘాటు వసారా దాక వచ్చెడిది. ఆ రెండును ఒకే చేతినుండి వచ్చినవని పదునాలుగవ యేటగాని నాకు తెలియలేదు. తెలిసిననాడు తాతగారి నడిగితిని. "ఔనురా, ఆ మందు అమ్మినాయనే భారతి పెట్టింది" అని, చెప్పరాని మాట చెప్పినవారివలె మొగము ప్రక్కకు త్రిప్పుకొనిరి. శాస్త్రములు చదివిన మా యింట వర్తకమనిన అంత చిన్నచూపు. నేనును దానిని చాలకాలము మోసితిని. కావుననే నేడు ఆ మహనీయుని గూర్చి, అందులోను ఆయన వర్తకమును గూర్చి, నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

నాగేశ్వరరావు పంతులుగారు 1867 వ సంవత్సరమున కృష్ణా మండలమందలి యెలకుర్రు గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1891 లో పట్టభద్రులైరి. ఆనాడు పట్టము పుచ్చుకొన్నవానికి సర్కారు కొలువే మోక్షము. వీరు దాని నాశింపక వ్యాపారపు మార్గము పట్టిరి. మొదట కలకత్తాకు పోయిరి, పిదప బొంబాయి చేరిరి. అచ్చట నొక వ్యాపారసంస్థలో కొలువుండి పని నేర్చుకొని, 1893 లో అమృతాంజన సంస్థను స్థాపించిరి.

ఆ లేపనమునకు గొప్ప యంత్రములతో పనిలేదు. కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలమువంటి ఘాటుద్రవ్యములు తగినపాళ్ళలో కలిసిన చాలును. కష్టమంతయు అమ్ముటలోనే కలదు. ఊరు పేరు తెలియని మందును నుదుట రాచుకొనుట కెవరు సాహసింతురు? పంతులుగారు దానిని సంగీతసభలలో ఊరక పంచిపెట్టించిరని ప్రసిద్ధి. గంటలకొలది కూర్చుండి పాట వినువానికి తల బరువెక్కుట సహజము. అట్టివానికి ఒకసారి ఉపశమనము కలిగినచో మరునాడు తానే అంగడి వెదకుకొని పోవును. సీసా వెల పది అణాలు. ఈ యుక్తి మా తర్కశాస్త్రములో ఎచ్చటను లేదు.

ఇక్కడ నొక లెక్క మీరు గమనింపవలెను. అమృతాంజనము పుట్టినది 1893 లో. ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయిలో వెలువడినది 1908 లో. నడుమ పదునైదేండ్లు. పంతులుగారిని విశ్వదాత యనుచు కొనియాడువారు ఆ పదునైదేండ్లను ఒక్క వాక్యములో దాటిపోవుదురు. నాకు వారి జీవితములో మిక్కిలి గొప్ప భాగ మదియే యని తోచును. సీసాలు నింపుట, చీటీలు అంటించుట, పెట్టెలు రైలుకెక్కించుట, రావలసిన పైకము రాబట్టుకొనుట: దాత కాదలచినవాడు ముందీ పనులన్నియు చక్కబెట్టుకొనవలెను గదా!

1914 లో పత్రిక మద్రాసునకు తరలి దినపత్రికయైనది. దినపత్రిక యనగా దినదినమును వ్యయమే. కాగితము, తంతివార్తలు, అక్షరములు కూర్చువారి జీతములు, ఇవేవియు మరునాటికి ఆగవు. ఆ యేడే ఐరోపా మహాయుద్ధము వచ్చిపడినది. సీసా తెచ్చిన లాభము పత్రికకు పోయినది. 1924 లో భారతియు, 1926 లో ఆంధ్ర గ్రంథమాలయు ఆ బలముతోనే వెలసినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన బసవపురాణము ఆ గ్రంథమాలలోనిదే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి మరణముతో నిలిచిపోయిన విజ్ఞానసర్వస్వమునుగూడ వీరు తిరిగి చేపట్టిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకుబోయి అచ్చట భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిరి.

వీరి గృహము మైలాపూరులోని శ్రీబాగు. కోస్తావారును రాయలసీమవారును 1937 నవంబరు 16 న ఒడంబడిక చేసికొన్నది ఆ యింటనే. అందుచేతనే దానికి శ్రీబాగు ఒడంబడిక యని పేరు. దేశపు తగవులు తీరుటకు ఒక గృహస్థు ఇల్లు చాలినది! పిమ్మట అయిదు నెలలైనను గడువకమునుపే, 1938 ఏప్రిల్ 11 న, పంతులుగారు పరమపదించిరి. అంతకు రెండేండ్ల ముందే, 1936 లో, అమృతాంజనమును వాటాల సంస్థగా మార్చియుండిరి. అది ఒక్క ప్రాణముపై నాధారపడరాదను గృహస్థుని ముందుచూపని నే నూహింతును. పత్రికల భారము అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారిపై పడినది. ఆంధ్రపత్రికయు భారతియు 1991 దాక నడచి ఆగిపోయినవి. సీసా మాత్రము నేటికిని అంగళ్ళలో నున్నది.

ఇంత తెలిసియు నేను చేసిన పని చెప్పవలెను. మా రెండవ కుమారుడు చదువు ముగించి, "నాన్నగారూ, బస్సులాగే చోట పచారీ కొట్టు పెట్టుకుంటాను" అన్నపుడు, తాతగారివలెనే మొగము త్రిప్పుకొంటిని. వాడు భార్య గాజులు కుదువబెట్టి కొట్టు పెట్టెను. రెండేండ్లు నేనా గడప త్రొక్కలేదు. మా యమ్మాయి పెండ్లి కుదిరిన యేడు, నా పింఛను చాలదని యెవరును చెప్పకమునుపే, వాడు సొమ్ము తెచ్చి తల్లి చేతిలో పెట్టిపోయెను. నా యెదుటికి రాలేదు. మరునాడు నేనే కొట్టునకు పోతిని. "కూర్చోండి నాన్నగారూ" అని బల్ల తుడిచెను. అంతకు మించి మాటలు జరుగలేదు.

తరువాత కొన్నాళ్ళకు భోషాణమునకు చెదలు పట్టినది. భారతి కట్టలో సగము పోయెను. మిగిలినవానిని వాడే పట్టణమునకు గొనిపోయి అట్టలు కట్టించి, కొట్టులో నొక అద్దాల బీరువా చేయించి పెట్టినాడు. ఉదయపు బేరము ముగిసిన వేళ నే నచ్చట కూర్చుండి చదువుకొనుచుందును. ఆ బీరువా క్రింది అరలో పసుపుపచ్చని సీసాలు వరుసగా నుండును. ఎవరైన తలనొప్పి యని వచ్చినచో, తీసి యిచ్చుట నా పనియే.