వాము పువ్వు, కొంకి పురుగు

సికిందరాబాదులోని పద్మారావు నగరు పిల్లలకును, ఆదిలాబాదు అడవులలోని ఆశ్రమ పాఠశాలల పిల్లలకును ఏటేట ఒకే మాత్ర అందుచున్నది. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ నులిపురుగుల నివారణ దినమున 1 మొదలు 19 ఏండ్ల వయసు గలవారికి ఆల్బెండజోల్ ఇచ్చెదరు. రెండేండ్లు నిండని పసివారికి 200 మిల్లీగ్రాములు, తక్కినవారికి 400. నమిలి మ్రింగినంతనే పని ముగియును. కాని ఆ ఒక్క మాత్రకు ముందు నడచిన చరిత్ర చాల పొడవైనది. అందులో ఒక ముఖ్య ఘట్టము మన వంటింటి వాముతో ముడిపడియున్నది.

ప్రేగులలో కాపురముండు పురుగులు పలు విధములు. జానెడు పొడవు వరకు పెరుగు ఏలికపాములు, దారపు ముక్కలవంటి నులిపురుగులు, పట్టీవలె సాగు బద్దెపురుగులు అందరికిని తెలిసినవే. కొంకి పురుగు మాత్రము కంటబడుట అరుదు. దాని పొడవు సుమారు ఒక సెంటీమీటరు. ప్రేగుగోడను కరచిపట్టి రక్తము త్రాగును. ఇట్టివి వందలకొలది చేరినచో రోగి పాలిపోవును, నాలుగడుగులు నడచిన ఆయాసపడును. అట్టివానిని ఊరివారు సోమరి యనుటయు కద్దు.

ఈ పురుగులను మన పూర్వులు ఎరుగుదురు. చరక సంహితలో విమానస్థానము ఏడవ అధ్యాయము క్రిములకు సంబంధించినదే. అందు చికిత్స మూడు విధములుగా చెప్పబడినది: పురుగును వెలికి లాగుట, అది పెరుగుటకు అనువైన స్థితిని చెరచుట, అది పుట్టుటకు కారణమైనదానిని విడనాడుట. వాయువిడంగములకు అందు పెద్దపీట కలదు. వానినుండి తీసిన తైలమును వాడుటయేగాక, మందాకులను ఎఱ్ఱబియ్యపు పిండితో కలిపి నిప్పులపై అప్పములుగా కాల్చి తినిపించు పద్ధతియు వివరింపబడినది. పిల్లలకు మందు నోట పెట్టుట ఆనాడును కష్టమే కాబోలు!

తరువాతి కాలమున మోదుగ గింజలు, దానిమ్మ వేరు బెరడు, గాడిదగడపాకు, వేప మొదలైనవి ఇంటింటి మందులైనవి. సామర్లకోటలో చాలకాలము పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గు మొక్కల తెలుగు పేర్లను శ్రద్ధగా వ్రాసికొనెను. ఉత్తర సర్కారుల కొండలలో కాయలపైనుండి రాల్చు ఎఱ్ఱని పొడిని వసంతగుండ యనిరి. పట్టుబట్టలకు రంగువేయు ఆ పొడియే బద్దెపురుగులకు మందుగా ఐరోపా వైద్యుల గ్రంథములకెక్కినది. దానిమ్మ బెరడులోని మందుసారమును 1878లో ఫ్రాన్సు దేశపు రసాయనికుడు టాన్రే విడదీసెను.

ఇక వాము. వాము నూనెను చల్లార్చినచో అందుండి తెల్లని స్ఫటికములు పేరుకొనును. మన మూలికల అంగళ్లలో దీనిని వాము పువ్వు అందురు. రసాయన శాస్త్రమున దీని పేరు థైమాల్. 1880 ప్రాంతమున ఆల్ప్సు పర్వతములలో సెయింట్ గొథార్డు సొరంగము త్రవ్విన కూలీలు కొంకి పురుగుల పాలై రక్తహీనులైరి. ఆ వ్యాధికి ఇటలీ వైద్యుడు బొజ్జోలో థైమాల్ వాడెను. అమెరికాలో 1909లో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ ఆరోగ్య సంఘము దక్షిణ రాష్ట్రములలో ఇదే మందును పంచిపెట్టెను. మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వము భారతదేశపు వాము జర్మనీకి పోయి, అచట థైమాలై లోకమంతట అమ్ముడుపోవుచుండెను.

అట్లయిన వాము నమిలినవారికి కొంకి పురుగులు ఏల పడిపోలేదు? లెక్క వేసి చూడవలెను. ఆనాడు పెద్దవారికి ఇచ్చిన థైమాల్ సుమారు 4 గ్రాములు. వాములో నూనె నూటికి రెండు మొదలు నాలుగు పాళ్లు. ఆ నూనెలో థైమాల్ నూటికి 35 మొదలు 60 పాళ్లు. కనుక 4 గ్రాములకు మేలైన వాము 170 గ్రాములు కావలెను. నాసిరకమైనచో అరకిలోకు పైగా పట్టును. చిటికెడు వాము కడుపునొప్పిని తగ్గించును గాని కొంకి పురుగును కదల్పజాలదు. అవ్వ ఎన్నుకొన్న మూలిక సరియైనదే, మోతాదు చాలలేదు.

మోతాదు చాలినపుడు వేరొక చిక్కు వచ్చును. థైమాల్ నూనెలోను, సారాయిలోను కరగును. కరిగినచో ప్రేగులో నిలువక రక్తమునకెక్కి రోగికే విషమగును. కనుక ఆ దినమున నూనె, నేయి, సారాయి పూర్తిగా నిషేధము. పురుగుల మందు వేసిన వెంటనే ఆముదము పట్టుట మన ఇండ్లలో వాడుక. థైమాలుకు తోడుగా ఆముదము ప్రాణము మీదికి తెచ్చును. అందుచే వైద్యులు భేదిఉప్పు ఇచ్చెడివారు. సర్కారులును రాయలసీమయు మద్రాసు రాజధానిలో ఉన్న కాలమున ఆ రాజధానిలో కొంకి పురుగుల విచారణ జరిగెను. అందు మ్హస్కర్, కేయస్ అనువారు మందుల రసాయన నిర్మాణమునకును, పురుగులను వెడలగొట్టు శక్తికిని గల సంబంధమును పరిశీలించిరి. ఏ మందు మేలో అనుభవము చెప్పినది సరే. ఎంత మేలో తెలియుటకు మలమును జల్లెడపట్టి పురుగులను లెక్కించుటయే ఆనాటి మార్గము. అసహ్యమైన పనియే; అయినను ఆ లెక్కయే మూలికను శాస్త్రముగా మార్చినది.

పురుగు ఎచటనుండి వచ్చునో తెలియనంత కాలము చరకుని మూడవ సూత్రము పూర్తిగా ఆచరణకు రాలేదు. 1898 ప్రాంతమున కైరోలో ఆర్థర్ లూస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కొంకి పురుగు పిల్లలున్న నీటిని పొరపాటున తన చేతిపై ఒలకబోసికొనెను. చర్మము మండి దురదపెట్టెను. కొన్ని వారములకు అతని మలమునందే గుడ్లు కనబడెను. పురుగు నోటినుండి గాక చర్మమును తొలుచుకొని ప్రవేశించునని అతడు లోకమునకు చాటెను. పొలముగట్లపై మలవిసర్జన, చెప్పులు లేని పాదములు — ఈ రెంటి నడుమ కొంకి పురుగు తన త్రోవను ఏర్పరచుకొన్నది.

ఆపై మందులు వేగముగా మారినవి. భీమవరమున జన్మించి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు బృందము 1947లో హెట్రజాన్ను వెలువరించెను. బోదకాలు పురుగుకై వెదకిన ఈ మందు ఏలికపాములపైనను పనిచేసినది. దీనికి మూలమైన పైపెరజీన్ 1950 తరువాత ఏలికపాములకు ఇంటింటి మందాయెను. అది పురుగును చంపదు, పట్టు తప్పించి మలముతో వెడలునట్లు చేయును. ఆల్బెండజోల్ దారి వేరు: పురుగు చక్కెరను గ్రహింపలేక ఆకటితో చచ్చును.

మాత్ర ప్రేగులోని పురుగులను తొలగించును గాని మట్టిలోని గుడ్లను ముట్టదు. ఒక్క ఆడ ఏలికపాము దినమునకు రెండు లక్షల గుడ్ల వరకు పెట్టును. తడినేలలో నీడపట్టున అవి ఏండ్ల తరబడి బ్రతికియుండును. అందుచేతనే పురుగుల తాకిడి ఎక్కువగా గల ప్రాంతములలో ఫిబ్రవరిలో వేసిన మాత్రను ఆగస్టులో మరల వేయుచున్నారు.