చక్రాల ఇంటి పైకప్పు

ఇల్లు కదలనిది; బండి నిలువనిది. ఈ రెండింటిని ఒక్కటిగా కూర్చవలెనని పాశ్చాత్య దేశములలో నూటనలుబది ఏండ్లుగా సాగిన ప్రయత్నమునకు ఫలమే నేటి మోటారు ఇల్లు. వంటగది, పడక, నీళ్ళతొట్టి, దీపములు, అన్నియు ఒక బండిలో ఇమిడినవి. వీనిలో ఏదియు నిర్మాతలను తలపైనున్న కప్పు వేధించినంతగా వేధింపలేదు. ఎండకు కాగక, వానకు మ్రోగక, చలికి చెమర్చక ఉండు కప్పును సన్నని రేకుతో చేయుట ఎట్లు? ఈ ప్రశ్నకు ఒక్కొక్క తరమువారు చెప్పిన సమాధానముల చరిత్రయే ఈ ప్రసంగ విషయము.

ఆ కప్పుకు శత్రువులు మూడు: వేడి, మ్రోత, చెమ్మ. ఒకదానికి చేసిన చికిత్స మరియొకదానికి పనికిరాదు. ఒక్కొక్కప్పుడు దానిని పెంచును కూడ. ఈ సంగతి బోధపడుటకు చాలాకాలము పట్టినది. బోధపడకముందు జరిగిన నష్టము పాత బండ్ల కప్పులలో నేటికిని దాగియున్నది.

1885లో గోర్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశీయుడు, బ్రిటిషు నౌకాదళములో వైద్యుడుగా పనిచేసి విరమించినవాడు, బ్రిస్టల్ వాగన్ వర్క్స్ వారిచేత ‘వాండరర్’ అను ఇల్లుబండిని చేయించుకొన్నాడు. రెండు గుఱ్ఱములు లాగు ఆ బండిలో ఆయన ఇంగ్లండులోని ట్వైఫోర్డు నుండి స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ వరకు పయనించినాడు. మహోగనీ, మేపుల్ కలపలతో చేసిన ఆ బండి బరువు సుమారు రెండు టన్నులు. కలపవలన కలిగిన దోషము బరువు. కలిగిన సుగుణము నెమ్మది. కలపలోని సన్నని నాళములలో గాలి నిలిచియుండును. నిలిచిన గాలి వేడిని సులభముగ దాటనీయదు. చినుకు పడినపుడు మందమైన పలక రేకువలె కంపింపదు. మన గూడుబండిపై వంచి కట్టిన వెదురు తడికకును, తాటాకు ఇంటికప్పుకును గల గుణమిదియే. వానరాత్రి తాటాకు కప్పు క్రింద నిదురించుటకును, రేకుల కప్పు క్రింద మేలుకొని యుండుటకును గల భేదము మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

గుఱ్ఱము స్థానమున మోటారు వచ్చినది. వేగము కావలసినకొలది బరువు తగ్గింపవలసివచ్చినది. అందుకు త్రోవ చూపినది విమానము. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ సముద్రమును దాటిన విమానపు నిర్మాణమును పర్యవేక్షించిన హాలీ బౌలస్, 1934లో అదే పనితనముతో అల్యూమినియపు రేకులను రివెట్లతో బిగించి, కారు వెంట లాగుకొనిపోవు ‘రోడ్ చీఫ్’ అను ఇంటిని చేసినాడు. ఆ మార్గముననే వాలీ బయామ్ 1936లో ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ అను బండిని వెలువరించినాడు. దాని వెల 1200 డాలర్లు. అందులో నలుగురు నిదురింపవచ్చును. వేడి నాపు పొరలును, గాలి మార్గములును ఏర్పరచి, ఘనీభవించిన బొగ్గుపులుసు వాయువుతో లోపలిని చల్లబరచు సాధనమును కూడ అందులో సమకూర్చినారు. తరువాత తామే నడచు మోటారు ఇండ్లకు కూడ ఈ రేకు కప్పే సంక్రమించినది.

అల్యూమినియము తేలిక, తుప్పుపట్టదు, చూపునకు వెండివలె మెఱయును. కాని అది కలపకంటె వేయిరెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. మెఱయు రేకు ఎండను చాలవరకు త్రిప్పికొట్టుననుట నిజము. అయితే తాను గ్రహించిన వేడిని తిరిగి వెదజల్లుటలో అది మిక్కిలి లోభి. అందువలన మెఱయు రేకుకంటె తెల్లరంగు పూసిన రేకే ఎండలో చల్లగ ఉండును. అందము కోరువారికి ఈ సత్యము అంతగా రుచింపలేదు.

రేకునకును లోపలి పలకకును నడుమ ఏమి నింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము అనుకొనకుండ లభించినది. 1932లో అమెరికాలో ఓవెన్స్-ఇల్లినాయ్ గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అను యువకుడు గాజు ఇటుకలను ఒకదానితో నొకటి అతుకుటకు ప్రయత్నించుచుండగా, ఒత్తిడిగల గాలి కరగిన గాజుధారకు తగిలి, అది సన్నని నూలుపోగులుగా చెదరినది. పరిశోధనకు పెద్దగా ఉన్న గేమ్స్ స్లేటర్ దాని విలువను గుర్తించినాడు. 1938లో ఆ గాజుదూదిని తయారుచేయుటకే ప్రత్యేకముగ ఒక కంపెనీ ఏర్పడినది. తేలికయు, చౌకయు అగుటచేత అది ఇండ్ల గోడలలోనికిని, బండ్ల కప్పులలోనికిని శీఘ్రముగ ప్రవేశించినది.

వేడి తగ్గినది. మ్రోత కూడ తగ్గుననుకొన్నారు. ఇచ్చట రేడియో వినువారికి పరిచితమైన ఒక శాస్త్రమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1895 ప్రాంతమున హార్వర్డు విశ్వవిద్యాలయములోని ఒక ఉపన్యాసశాలలో మాట స్పష్టముగ వినబడకుండుటచేత, దానిని సరిచేయుమని వాలెస్ సాబిన్ అను యువ ఆచార్యుని కోరినారు. ఆయన వేరొక నాటకశాల నుండి ఆసనముల మెత్తలను తెప్పించి, వాని సంఖ్యను మార్చుచు, ప్రతిధ్వని ఎంతకాలము నిలుచుచున్నదో కొలిచి చూచినాడు. మెత్తలు పెరిగినకొలది ప్రతిధ్వని త్వరగా అణగినది. రేడియో స్టూడియోల కప్పులకు రంధ్రముల పలకలు బిగించుట ఈ శాస్త్రము ననుసరించియే. కాని అది గదిలో పుట్టిన ధ్వని గదిలోనే పొర్లాడకుండ చేయు ఉపాయము. బయటి ధ్వని లోనికి రాకుండ చేయుట వేరొక విద్య. ఈ రెండింటిని ఒకటిగా భావించుటచేతనే బండ్ల కప్పులలో ఎంత దూది కూరినను వాన మ్రోత నిలిచిపోయినది.

రేకుపై చినుకు పడినపుడు రేకే మద్దెలచర్మమువలె కంపించును. దూది రేకును పట్టుకొనదు. కావున కంపము నాపజాలదు. మ్రోగుచున్న కంచుపళ్ళెమును వ్రేలితో తాకినచో నాదము వెంటనే తెగిపోవును గదా! రేకునకును అటువంటి వ్రేలు కావలెను. తారుతో గాని, రబ్బరు వంటి సాగు పదార్థముతో గాని చేసిన పలకలను రేకుకే గట్టిగ అంటించినచో, అవి కంపమును గ్రహించి స్వల్పమైన వేడిగ మార్చివేయును. రేకు వైశాల్యమంతయు కప్పనక్కరలేదు. నాల్గవవంతు మొదలు సగము వరకు చాలును. ఇక త్రోవలోని సందడిని ఆపుటకు బరువైన పొర వేయుదమన్నచో, బరువు రెట్టింపైనపుడు దాటివచ్చు ధ్వని సుమారు 6 డెసిబెళ్ళు మాత్రమే తగ్గును. తలపై బరువు పెరిగిన బండి మలుపులలో ఒరుగును. కావున చక్రాల ఇంటిలో పూర్ణనిశ్శబ్దమును కోరుట వివేకము కాదు.

మూడవ శత్రువు చెమ్మ. చల్లని నీళ్ళు పోసిన చెంబు వెలుపల నీటిబిందువులు కూడుట మనము నిత్యము చూచునదే. శీతల దేశములలో రాత్రివేళ కప్పు రేకు ఆ చెంబు వంటిది. చిన్న బండిలో ఇద్దరు నిదురించినచో, తెల్లవారునప్పటికి వారి శ్వాసవలనను, చెమటవలనను సుమారు అర లీటరు నీరు ఆవిరిగ గాలిలో చేరును. ఆ ఆవిరి దూదిని సులభముగ దాటి, రేకును తాకి నీరగును. తడిసిన దూది వేడిని ఆపలేదు, త్వరగా ఆరదు, ప్రక్కనున్న కలపను క్రుళ్ళజేయును. వేడి నాపుటకు పెట్టిన మందే చెమ్మకు ఆశ్రయమిచ్చినది. పైకి నున్నగ కనబడు కప్పు లోపల ఏండ్ల తరబడి క్షయము సాగినది.

యుద్ధానంతరము కృత్రిమ నురగలు వచ్చినవి. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ కనుగొన్న పాలియురిథేన్ వానిలో ముఖ్యమైనది. 1966లో అయోవా రాష్ట్రములోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ మోటారు ఇండ్లను వరుసగ తయారుచేయ నారంభించినది. అల్యూమినియపు రేకునకును లోపలి పలకకును నడుమ నురగను అతికించి, మూడింటిని ఒకే పలకగ చేయుట వారి విశేషము. 1973 మొదలు 1978 వరకు జనరల్ మోటార్స్ వారు సుమారు 13,000 మోటారు ఇండ్లను చేసినారు. వారు పాలియురిథేన్ నురగను రేకు లోపలివైపున నేరుగ చిమ్మించినారు. నురగ రేకును అంటిపెట్టుకొనుటచేత ఆవిరికి చోటు తక్కువ. కాని అతుకుల సందున వాననీరు ఒకసారి చొరబడినచో, అతికిన పొరలు విడిపోవును. నురగ అంటుకొన్నచో వెలువడు పొగ విషమయమైనది. ఏ పదార్థమును సర్వరోగ నివారిణి కాలేదు.

ఈ చరిత్రలో అన్నిటికంటె విషాదకరమైనది రాతినార కథ. నిప్పునకు కాలదను గుణముచేత ఆస్బెస్టాస్‌ను పొయ్యిల చుట్టును, ఇంజను గదులలోను, కప్పులలోను నిస్సంకోచముగ వాడినారు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఆ నార ధూళికిని ఊపిరితిత్తుల పైపొరకు వచ్చు కాన్సరునకును గల సంబంధమును ప్రకటించినారు. నార లోపలికి పోయిన తరువాత వ్యాధి బయటపడుటకు ముప్పది నలుబది ఏండ్లు పట్టవచ్చును. బ్రిటన్ దానిని పూర్తిగ నిషేధించినది 1999లో. కావున పాత బండిని ఉద్ధరింపగోరువాడు ఉత్సాహముకొలది కప్పును పెరికివేయరాదు. బూడిదరంగు నారపలక కనబడినచో చేయి ఆపి, తెలిసినవారిచేత పరీక్ష చేయించుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

అనుభవము నేర్పిన క్రమము నేడు స్పష్టముగ ఉన్నది. మొదట వాననీరు కారు అతుకులను మూయవలెను. పిమ్మట రేకును శుభ్రపరచి, కంపము నణచు పలకలను అంటింపవలెను. దానిపై సందులేకుండ, నీరు పీల్చని నురగపలకలను అమర్చవలెను. లోహపు వాసములకును లోపలి పలకకును నడుమ వేడిని దాటనీయని సన్నని పట్టీ ఉంచవలెను; లేనిచో ఆ వాసములే వేడికి వంతెనలగును. విద్యుత్తు తీగలను నురగలో పూడ్చక, గొట్టములలో నడుపవలెను. లోపలి పలకకు మెత్తని గుడ్డ తొడిగినచో మాట నెమ్మదించును. ఇన్ని చేసినను గాలి పోవు కిటికీని మూయరాదు. చెమ్మకు తుది మందు గాలియే.

కప్పులో మనము దాచినది మనకు కనబడదు. దాని మంచిచెడ్డలను అనుభవించువారు తరువాత ఆ కప్పు క్రింద నిదురించువారు. రాతినారను నింపినవారును దుర్మార్గులు కారు. తమకు తెలిసినంతలో మేలు చేయవలెననియే నింపినారు. తెలిసిన తరువాతనైనను జాగ్రత్తతో నింపుట, ఏమి నింపినదియు వ్రాసి ఉంచుట, మన తరువాతివారికి మనము చేయదగిన ఉపకారము.