పోటీ రోబోలకు మైక్రోకంట్రోలర్ ఎంపిక: విద్యార్థుల దారి, చరిత్ర

నల్ల గీత వెంట పరుగెత్తే రోబో అయినా, చిక్కుదారిలోంచి బయటపడే ఎలుక రోబో అయినా బుర్ర మాత్రం ఒక చిన్న చిప్. ప్రాసెసరు, మెమరీ, బయటి తీగలు తగిలించే పిన్నులు ఒకే ముక్కలో ఇమిడి ఉండే ఆ చిప్‌నే మైక్రోకంట్రోలర్ అంటారు. పోటీకి ఏ చిప్ పెట్టాలన్న ప్రశ్నకు తెలుగునాట ఇంజనీరింగ్ విద్యార్థులు కాలాన్ని బట్టి ఒక్కో జవాబు చెప్పుకున్నారు. చిప్ వేగం ఆ జవాబును తేల్చింది తక్కువ. రాసిన ప్రోగ్రాము చెరిపి మళ్లీ ఎక్కించడం ఎంత సులువు, కాలిపోతే ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది అన్న రెండు సంగతులే ఎక్కువగా తేల్చాయి.

ఇంటెల్ 1976లో 8048ని, 1980లో 8051ని తెచ్చింది. 8051లో ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, లెక్కలకు 128 బైట్లు, బయటికి 32 పిన్నులు ఉండేవి. దానిలో చెరిపి మళ్లీ రాయగల రకమైన 8751కి నడినెత్తిన గాజు కిటికీ ఉండేది. పాత ప్రోగ్రాము పోవాలంటే అతినీలలోహిత దీపం కింద సుమారు ఇరవై నిమిషాలు పెట్టాలి. ఒక్క అంకె మార్చాలన్నా అంతే. సాయంత్రం పోటీ ఉంటే మధ్యాహ్నమంతా చిప్ దీపం కిందే గడిచిపోయేది. 1990ల్లో అట్మెల్ ఫ్లాష్ మెమరీతో ఏటీ89సీ51ని, తర్వాత బోర్డు మీద ఉండగానే ప్రోగ్రాము ఎక్కించుకునే ఏటీ89ఎస్52ని తెచ్చాక ఈ బాధ తీరింది. అమెరికాలో విద్యార్థుల దారి వేరు: మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో 1980ల చివర్లోనే విద్యార్థుల రోబో పోటీ మొదలైంది. అక్కడి ఫ్రెడ్ మార్టిన్ తయారుచేసిన హ్యాండీ బోర్డులో ఉన్నది మోటరోలా 68హెచ్‌సీ11.

మన కాలేజీల్లో 8051 పాఠ్యప్రణాళికలో ఉంది కాబట్టి గీత వెంట నడిచే తొలి రోబోలు (లైన్ ఫాలోయర్లు) దానితోనే నడిచాయి. క్లాసులో చెప్పిన చిప్‌కే సీనియర్ల కోడ్ దొరుకుతుంది, ల్యాబులో ప్రోగ్రామరూ ఉంటుంది. చిప్‌కు ఒక లోటు ఉండేది: సెన్సరు ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే అమరిక లోపల లేదు. అందుకని సెన్సర్లకు ఎల్‌ఎం324ను రెండు వోల్టేజీలను పోల్చే కంపారేటరుగా పెట్టి, ఒక్కో సెన్సరుకూ పక్కన ఒక ప్రీసెట్ (తిప్పి సరిచేసే చిన్న రెసిస్టరు) బిగించేవారు. పోటీ హాలులో వెలుతురు మారితే రోబో గీత వదిలేస్తుంది. విద్యార్థి నేల మీద బోర్లా పడుకుని, చిన్న స్క్రూడ్రైవరుతో ప్రీసెట్లను ఒక్కొక్కటీ తిప్పుతూ ఎల్‌ఈడీ ఆరడం, వెలగడం చూసుకోవాలి. ఈ విడిభాగాలకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ పెద్ద దిక్కు.

ఆ లోటును ఏవీఆర్ అనే చిప్‌ల కుటుంబం తీర్చింది. నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో ఆల్ఫ్-ఎగిల్ బోగెన్, వెగార్డ్ వొల్లన్ అనే ఇద్దరు విద్యార్థుల ఆలోచనగా మొదలైన దీన్ని అట్మెల్ 1990ల రెండో సగంలో మార్కెట్లోకి తెచ్చింది. ఆ కుటుంబంలోని ఏటీమెగా16, 32 చిప్‌లలో సెన్సర్ల వోల్టేజీని చదివే ఎనిమిది దారులున్నాయి. ప్రీసెట్ తిప్పే పని ప్రోగ్రాములోకి వెళ్లిపోయింది. కానీ ఈ చిప్‌లు కొత్తవారిని ఒకచోట తప్పకుండా ఏడిపించాయి. పోర్ట్ సీలో నాలుగు పిన్నులు ఎంత రాసినా కదలవు. వైరింగ్ విప్పి చూసుకుంటారు, మోటార్ డ్రైవర్ మారుస్తారు, చివరికి చిప్‌నే మారుస్తారు. అసలు సంగతి వేరు: ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే జేట్యాగ్ అనే పరీక్షా సౌకర్యం ఆ పిన్నులను పట్టుకుని ఉంటుంది. చిప్ అమరికను నిర్ణయించే ఒక ఫ్యూజు బిట్ మారిస్తే వదిలేస్తుంది. ఒక బ్యాచ్ మరో బ్యాచ్‌కు అందించిన జ్ఞానంలో ఇంతకన్నా విలువైనది తక్కువే.

కొన్ని పోటీల్లో ఎంపిక విద్యార్థి చేతిలో ఉండదు. ఐఐటీ బొంబాయి ఈ-యంత్ర తన పోటీలకు వాడిన ఫైర్‌బర్డ్-5 రోబోలో ఏటీమెగా2560 ప్రధాన చిప్, ఏటీమెగా8 సహాయక చిప్. అమెరికాలోని ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో 2015లో రోబోరియో అనే కంట్రోలర్ తప్పనిసరి అయింది. ఆసియా-పసిఫిక్ ప్రసార సంఘం 2002లో టోక్యోలో మొదలుపెట్టిన రోబోకాన్‌లో అలా కాదు, అక్కడ జట్టే అన్నీ తేల్చుకోవాలి. 

ఇటలీలోని ఇవ్రియాలో 2005లో పుట్టిన ఆర్డుయినో, 2010లో వచ్చిన ఊనో బోర్డుతో ఈ విద్యను కాలేజీ గేటు దాటించింది. కంప్యూటరుకు యూఎస్‌బీ తీగ తగిలిస్తే చాలు, కోడ్ డంప్ అవుతుంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులతో ఇది హైస్కూళ్లకూ చేరింది. ఆ ఊనోలో ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, లెక్కలకు 2 కిలోబైట్లు ఉంటాయి. గీత రోబోకు అది పుష్కలం. నాలుగు చక్రాలకూ ఎన్‌కోడర్లు పెట్టి తిరుగుళ్లు లెక్కపెట్టాలంటే మాత్రం ఊనోలో బయటి ఇంటరప్ట్ పిన్నులు (సంకేతం రాగానే ప్రోగ్రామును ఆపి పిలిచేవి) రెండే. అక్కడ ఆర్డుయినో మెగా బోర్డు కావాలి, లేదా ఎన్‌కోడర్ లెక్కను టైమరే స్వయంగా చూసుకునే ఎస్‌టీఎం32 కావాలి. వైఫై అవసరమైతే 2016 నాటి ఈఎస్‌పీ32 ఉంది. 2021లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై పికోలో వైఫై లేదు. ఎస్‌టీఎం32, ఈఎస్‌పీ32, పికో మూడూ 3.3 వోల్టులవి. 5 వోల్టుల సెన్సరు జవాబును రెండు రెసిస్టర్లతో తగ్గించకుండా ఈఎస్‌పీ32 పిన్నుకు కలిపితే పిన్ను పాడయ్యే ప్రమాదం ఉంది.

పోటీలో రోబో ఉన్నట్టుండి ఆగిపోతే అందరూ చిప్‌ను తిడతారు. చాలాసార్లు తప్పు బ్యాటరీది. మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. మోటార్లకు, చిప్‌కు వేర్వేరు బ్యాటరీలు పెట్టి గ్రౌండు మాత్రం కలపాలి. ఖరీదైన చిప్‌కు మారేముందు చేయవలసిన పని ఇదే.

2021 ప్రాంతంలో ప్రపంచమంతటా చిప్‌ల కొరత వచ్చినప్పుడు ఎస్‌టీఎం32 ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి, దొరకడమే ఎంపిక అయింది. కర్ణాటక సరిహద్దులోని హొళగుంద లాంటి మండలంలో కొరత లేని రోజుల్లోనూ ఇదే లెక్క. పోటీ వారంలో చిప్ కాలితే ఆదోనికో బళ్లారికో బస్సెక్కి వెతకాలి, లేదంటే కొరియర్ కోసం ఎదురుచూడాలి. అక్కడి బడిపిల్లలకు నా సలహా సాకెట్లో కూర్చునే 28 కాళ్ల చిప్ ఉన్న ఊనో. బోర్డు మీదే అతికించిన చిన్న చిప్ ఉన్న రకం వద్దు. చిప్ కాలితే స్క్రూడ్రైవరు మొనతో ముందు ఒక చివర, తర్వాత రెండో చివర కాస్త కాస్త లేపి తీయాలి. చిప్ గాటు సాకెట్ గాటు వైపే ఉండేలా కొత్తది నొక్కాలి. ఆ కొత్తది బూట్‌లోడర్ (యూఎస్‌బీ తీగ నుంచి కోడ్ అందుకునే చిన్న ప్రోగ్రాము) లేని ఖాళీ చిప్ అయినా ఫరవాలేదు. పక్క జట్టు ఊనోను ప్రోగ్రామరుగా మార్చుకుని, ఆరు తీగలతో అక్కడికక్కడే బూట్‌లోడర్ ఎక్కించుకోవచ్చు.