నొప్పి తైలాలు: గృహ వినియోగ చరిత్ర

మొక్కల ఆకులు, మొగ్గలు, బెరడు నుంచి స్వేదనం ద్వారా తీసే, గాలికి ఆవిరైపోయే సుగంధ తైలాలను తలనొప్పికి, పంటి నొప్పికి, కీళ్ల నొప్పులకు, బెణుకులకు ఇంట్లోనే వాడుకునే పద్ధతి ఇది. నీలగిరి, లవంగ, పుదీనా, వింటర్‌గ్రీన్ తైలాలు, కర్పూరం వీటిలో ముఖ్యమైనవి. ఇవి సామాన్యుల ఇళ్లకు ఎక్కువగా చేరింది మైనంతోనో నూనెతోనో కలిపిన బామ్‌ల రూపంలో.

ప్రాచీన కాలం: ఆయుర్వేదంలో తైలం అంటే ప్రధానంగా నువ్వుల నూనెలో మూలికల కషాయం, కల్కం కలిపి కాచినది. వాత నొప్పులకు తైలాభ్యంగనాన్ని చరక, సుశ్రుత సంహితలు చెప్పాయి. స్వేదన యంత్రం లేని ఇళ్లలోనూ సుగంధ తైలాల గుణం తెలుసు. వావిలాకు కాచిన నీళ్లతో బాలింతకు స్నానం చేయించడం, కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి నడుముకు పట్టించడం, పుచ్చిపన్ను కింద లవంగం పెట్టుకోవడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఆచారాలు.

మధ్యయుగాలు: అరబ్బు, పారశీక వైద్యులు స్వేదన విద్యను మెరుగుపరచగా, అది అత్తరుగా, పన్నీరుగా భారతదేశంలో స్థిరపడింది.

రసాయన శాస్త్ర ప్రవేశం: లైడెన్‌కు చెందిన గౌబియస్ 1771లో పుదీనా తైలం నుంచి మెంథాల్‌ను వేరుచేశాడు. వింటర్‌గ్రీన్ తైలంలోని ప్రధాన ద్రవ్యం మిథైల్ సాలిసిలేట్ అని 1843లో ఫ్రెంచి శాస్త్రవేత్త కహూర్స్ గుర్తించాడు. ఆస్ట్రేలియాలో జోసెఫ్ బోసిస్టో 1852 నుంచి నీలగిరి తైలాన్ని వ్యాపార స్థాయిలో తీశాడు. ఆ చెట్టు అప్పటికే, 1840ల్లో, నీలగిరి కొండలకు చేరి ఉంది. మన వాడుకలోని పేరు ఆ కొండలదే.

బామ్‌ల యుగం: నొప్పి తైలాల గృహ చరిత్రలో అత్యంత ఫలవంతమైన ఘట్టం 1893లో బొంబాయిలో మొదలైంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867 మే 1న పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ ఏడాది అమృతాంజనం తయారీ ప్రారంభించారు. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం వంటి ఘాటైన ద్రవ్యాలను చిన్న సీసాలో ఇమిడే పసుపు రంగు లేపనంగా మార్చడం ఆయన సాధించిన విజయం. సంగీత సభల్లో శ్రోతలకు ఉచితంగా పంచి దాన్ని జనానికి పరిచయం చేశారు. వేలికొసకు అంటినంత రాసుకుంటే చాలన్న వాడుక స్థిరపడింది. చుక్కలు కొలవాల్సిన తైలం అలా ఎవరైనా వాడుకోగలిగిన ఇంటి మందైంది.

అమృతాంజనంతో వచ్చిన లాభాలను పంతులు తెలుగు ప్రజల మేలుకే వెచ్చించారు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికను, 1914లో మద్రాసులో దినపత్రికను, 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించారు. 1923లో సంపాదకుడు కొమర్రాజు లక్ష్మణరావు మరణంతో ఆగిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ ప్రచురణను భుజాన వేసుకున్నదీ ఆయనే. 1936లో అమృతాంజన్ పబ్లిక్ లిమిటెడ్ సంస్థ అయింది. దేశోద్ధారకుడిగా ప్రజల మన్నన పొందిన పంతులు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు.

హైదరాబాదులో 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్‌ను తయారుచేశారు. నీలగిరి తైలం ప్రధానంగా గల ఈ యునానీ మందు జలుబుకు, ఒళ్లు నొప్పులకు నేటికీ తెలంగాణ ఇళ్లలో కనిపిస్తుంది. రంగూన్‌లో పుట్టి సింగపూర్‌లో పేరుపొందిన టైగర్ బామ్‌దీ ఇదే కోవ.

అరోమాథెరపీ: ఫ్రెంచి రసాయనవేత్త గట్‌ఫొసే 1937లో ఈ పేరుతో పుస్తకం రాశాడు. సుగంధ తైలాలతో చేసే ఈ చికిత్స తర్వాత పాశ్చాత్య దేశాల్లో విస్తరించింది. భారతదేశంలో 1959లో మొదలైన ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ మేలైన పుదీనా రకాలను రైతులకు అందించింది. నేడు సహజ మెంథాల్ ఉత్పత్తిలో భారతదేశానిదే అగ్రస్థానం.

పనిచేసే తీరు, ఆధారాలు: చలిని గుర్తించే నాడీ గ్రాహకాన్ని మెంథాల్ ప్రేరేపిస్తుందని 2002లో వెల్లడైంది. చర్మానికి చల్లదనం తోచి నొప్పి ధ్యాస తగ్గుతుంది. లవంగంలోని యూజినాల్ పంటి నరాన్ని మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక పూరకంగా ఇప్పటికీ వాడతారు. మిథైల్ సాలిసిలేట్ చర్మంలోకి ఇంకి ఆస్పిరిన్ తరహాలో పనిచేస్తుంది. నుదుటికి రాసిన 10 శాతం పుదీనా తైలం ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పికి పారాసిటమాల్‌తో సమానంగా ఉపశమనం ఇచ్చిందని 1996లో జర్మనీలో జరిగిన ఒక చిన్న పరీక్ష చూపింది. దీర్ఘకాల కీళ్ల నొప్పులకు ఇవి తాత్కాలిక ఉపశమనమే ఇస్తాయి, జబ్బును నయం చేయవు.

జాగ్రత్తలు: చిక్కటి తైలాన్ని నేరుగా చర్మానికి పూయకూడదు. 30 మి.లీ. కొబ్బరినూనెకు 12 చుక్కల తైలం కలిపితే దాదాపు 2 శాతం మిశ్రమం అవుతుంది, పెద్దలకు అది సరిపోతుంది. ఒక టీ చెంచా వింటర్‌గ్రీన్ తైలం మింగితే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే. కర్పూరం మింగిన పిల్లలకు మూర్ఛ రావచ్చు. చర్మానికి రాసే మందుల్లో కర్పూరాన్ని అమెరికా 1983లో 11 శాతానికి పరిమితం చేసింది. పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్, నీలగిరి తైలం రాయకూడదు. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడిగే వాడాలి. ఛాతీ నొప్పి, హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి, వాపుతో కూడిన జ్వరం ఉంటే బామ్ రాస్తూ కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో ఈ సీసాలను పిల్లలకు అందని చోట భద్రపరచాలి.